ముచ్చెమటలు కొలిచే బ్యాండ్: మనసు కదలికను పట్టే పరికరం ఇంట్లోనే కట్టుకోవడం ఎలా

ఇంటర్వ్యూ గది బయట కూర్చుంటే అరచేతులు తడుస్తాయి. లోపలి నుంచి పేరు పిలిస్తే గుండె దడదడలాడుతుంది. ఫోన్లో చెడ్డ వార్త వింటే చేతులు చల్లబడిపోతాయి. భావోద్వేగాలను పసిగడతామని చెప్పుకునే వాచీలు, బ్యాండ్లు, ఉంగరాలు కొలిచేవి ఎక్కువగా ఈ మూడే: చెమట, గుండె కొట్టుకునే తీరు, చర్మం వేడి. వాటి మీద లెక్కలు కట్టి, రంగులు పూసి, 'మీ స్ట్రెస్ 72' అని తెర మీద చూపిస్తాయి. ఆ 72 ఎక్కడి నుంచి వచ్చిందో వాచీ పెట్టుకున్నవాడికి తెలియదు.

అందుకే ఒకసారి సొంతంగా కట్టి చూడమంటాను. ఈ మూడింటిలో చెమటను పట్టుకోవడం తేలిక, చవక. సోల్డరింగ్ కొంచెం వచ్చినవాళ్లకు ఒక ఆదివారం చాలు. ఐదారు వందల రూపాయల్లో అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో సామానంతా దొరుకుతుంది, లేదంటే ఆన్‌లైన్.

ముందు, ఏం కొలుస్తున్నామో తెలుసుకోవాలి

అరచేతుల్లో, అరికాళ్లలో చెమట గ్రంథులు మిగతా ఒంటి కంటే దట్టంగా ఉంటాయి. ఆపద వస్తే తలపడటానికో పారిపోవడానికో ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థే వీటినీ నడిపిస్తుంది. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి గ్రంథి నాళాలు నిండేకొద్దీ చర్మం గుండా కరెంటు సులువుగా పోతుంది. చెమట బొట్టు పైకి కనిపించక ముందే ఈ మార్పు మీటరుకు తెలిసిపోతుంది. దీన్ని చర్మ వాహకత అంటారు. కొలత మైక్రోసీమెన్స్‌లో. వేళ్ల మీద మామూలుగా 2 నుంచి 20 మధ్య ఉంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఫెరె అనే వైద్యుడు 1888లోనే ఒంటి గుండా చిన్న కరెంటు పంపి ఇలాంటి మార్పు చూశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ఒక్కో మాట చెబుతూ, ఎదుటివాడికి తగిలించిన గాల్వనోమీటరు (సన్నని కరెంటును కొలిచే మీటరు) ముల్లు ఎప్పుడు కదులుతుందో గమనించాడు. లై డిటెక్టర్లలో వేళ్లకు తొడిగే తొడుగులూ ఇవే. వీటిని రోజంతా ఒంటి మీద ఉండే బ్యాండుగా మార్చే పనిని అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రోజలిండ్ పికార్డ్ బృందం ముందుకు తీసుకెళ్లింది. ఆ దారిలో వచ్చిన ఎంబ్రేస్ అనే బ్యాండుకు 2018లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. అది మూడ్ చెప్పినందుకు కాదు, మూర్ఛను పసిగట్టినందుకు. ఈ రంగంలో గట్టిగా నిలబడిన ఉపయోగాల్లో అదొకటి.

కావలసిన సామాను

- ఆర్డ్యునో నానో బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్‌ను నడిపే బుల్లి కంప్యూటర్ లాంటిది), దాని యూఎస్‌బీ వైరు
- 100 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి. పరీక్షకు 220 కిలో ఓములది ఒకటి, 1 మెగా ఓముది ఒకటి
- 1 మైక్రోఫారడ్ కెపాసిటర్
- మెత్తని సన్న వైర్లు, అర అంగుళం వెడల్పు వెల్‌క్రో పట్టీ
- జాకెట్లకు కుట్టే స్టీలు టిచ్ బటన్లు, కాస్త పెద్దవి, రెండు జతలు
- తరవాత వైరు వదిలించుకోవాలంటే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, రీచార్జ్ అయ్యే ఏఏ సెల్లు నాలుగు

బటన్ల బదులు మెడికల్ షాపులో దొరికే ఈసీజీ స్టిక్కర్లు వాడొచ్చు. పట్టు బాగుంటుంది కానీ వాటి జెల్‌లో ఉప్పు ఎక్కువ. దానివల్ల అంకెలు పెరిగి కనిపిస్తాయి. నేను రెండూ వాడి చివరికి బటన్లకే వచ్చాను. కడిగి తుడిస్తే మళ్లీ పనికొస్తాయి.

దశ 1: వేలి తొడుగులు

వెల్‌క్రో పట్టీని వేలికి చుట్టి, ఒక అంగుళం మిగిలేలా కత్తిరించండి. అలాంటివి రెండు. పట్టీ లోపలి వైపు మధ్యలో ఒక్కో బటన్ కుట్టండి, నున్నటి ముఖం చర్మానికి తగలాలి. వైరు కొసను బటన్ వెనక రంధ్రాల్లోంచి తిప్పి మెలేసి, పట్టీ బయటివైపు సోల్డర్ వేయండి. స్టీలుకు సోల్డర్ సరిగా అంటదు, అందుకే ముందు మెలిక గట్టిగా ఉండాలి.

తొడగాల్సింది కుడిచేతి వాటం ఉన్నవాళ్లయితే ఎడమ చేతికి, చూపుడువేలు, మధ్యవేలు, నడిమి కణుపుల మీద, అరచేతి వైపు. ముంజేతి మీద పెడితే అందంగానే ఉంటుంది కానీ అక్కడ గ్రంథులు పలుచన, సంకేతం నీరసంగా వస్తుంది. ఉంగరం బిగుతు ఉంటే చాలు. వేలి కొస ఎర్రబడితే బిగుతు ఎక్కువైనట్టు, చెయ్యి కదిలిస్తే గీత ఎగిరిపడితే వదులైనట్టు.

దశ 2: సర్క్యూట్

సర్క్యూట్ అనడానికి కూడా మొహమాటంగా ఉంటుంది, అంత చిన్నది. నానో మీద 5 వోల్టుల పిన్ నుంచి ఒక వైరు మొదటి తొడుగుకు. రెండో తొడుగు వైరు ఏ0 పిన్‌కు. అదే ఏ0 నుంచి గ్రౌండుకు 100 కిలో ఓముల రెసిస్టర్, దానికి సమాంతరంగా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్. అంతే. కెపాసిటర్ ఎలక్ట్రోలిటిక్ రకమైతే మైనస్ కాలు గ్రౌండు వైపు ఉండాలి.

కరెంటు చర్మం గుండా వచ్చి రెసిస్టర్ గుండా కిందికి పోతుంది. చర్మం తడిస్తే ఏ0 దగ్గర వోల్టేజ్ పెరుగుతుంది. రెండు తొడుగులూ ఒకదానికొకటి తగిలినా పోయే కరెంటు 50 మైక్రో ఆంపియర్లు దాటదు, 100 కిలో ఓములు అడ్డుగా ఉన్నాయి కాబట్టి. చేతికి ఏమీ తెలియదు.

అయినా రెండు జాగ్రత్తలు. ల్యాప్‌టాప్‌కు తగిలించి వాడేటప్పుడు చార్జర్ పీకేయండి. అడాప్టర్ ఏ నాసిరకందో మనకు తెలియదు, ఒంటికి వైర్లు తగిలించుకుని కూర్చున్నప్పుడు మెయిన్స్‌తో సంబంధం ఉండకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇది తొడగొద్దు.

దశ 3: ప్రోగ్రామ్ ఏం చేయాలి

చవక నానోలను కంప్యూటర్ గుర్తుపట్టాలంటే అందులో సీహెచ్340 డ్రైవర్ ఉండాలి. ప్రోగ్రామ్ బోర్డులోకి అప్‌లోడ్ కాకపోతే ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్‌లోని ప్రాసెసర్ మెనూలో 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకోండి. నా మొదటి సాయంత్రం సగం దీనికే పోయింది.

ఏ0 దగ్గర వోల్టేజ్‌ను నానో 0 నుంచి 1023 వరకు ఒక అంకెగా ఇస్తుంది. దాన్ని వాహకతగా మార్చే లెక్క ఇది:

వాహకత = 10 × అంకె ÷ (1023 − అంకె)

ఆ 10 ఎందుకంటే 100 కిలో ఓములంటే 10 మైక్రోసీమెన్స్. అంకె 300 వస్తే వాహకత 4.15. ఇందులో ఒక సుఖం ఉంది. కొలతకు ఆధారమైన వోల్టేజ్, చర్మానికి ఇచ్చే వోల్టేజ్ రెండూ ఒకటే. బ్యాటరీ కొంచెం దిగినా లెక్క తప్పదు.

ఒక చిక్కు కూడా ఉంది. అంకె 300 దగ్గర ఒక్క మెట్టు మారితే వాహకత 0.02 మారుతుంది. మనసు కదిలినప్పుడు గీతలో లేచే చిన్న గుట్ట, అంటే మనం వెతికేది, ఎత్తు 0.05 ఉండొచ్చు. అంటే రెండు మూడు మెట్లే. కాబట్టి ఒక్కసారి చదివి వదిలేస్తే సరిపోదు. 100 మిల్లీసెకన్ల పాటు ఆగకుండా చదివి సగటు తీయండి. 100 అనేది ఊరికే చెప్పిన సంఖ్య కాదు. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్, ఒక్కో ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. సరిగ్గా ఐదు ఆవృత్తుల సగటు తీస్తే గోడలోని వైర్ల నుంచి వచ్చే గోల చాలావరకు దానికదే కొట్టుకుపోతుంది. అలా సెకనుకు పది విలువలు వస్తాయి. ఒక్కో వరసలో సమయం, వాహకత రెండూ ప్రింట్ చేయించి, వాహకత గీతను ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీసి చూపే సీరియల్ ప్లాటర్‌లో చూడండి.

దశ 4: ఒంటికి తొడిగే ముందు పరీక్ష

ఇది దాటేయొద్దు. తొడుగుల మధ్య వేలికి బదులు 220 కిలో ఓముల రెసిస్టర్ పెట్టండి. 4.5 దగ్గర రావాలి. 1 మెగా ఓము పెడితే 1 దగ్గర రావాలి. గీత తిన్నగా, చెరువు నీళ్లలా ఉండాలి. ఇక్కడే వణుకుతుంటే వైరు ఎక్కడో వదులుగా ఉంది. తొడిగాక ఆ వణుకును చూసి 'నాకు టెన్షన్ ఎక్కువ' అనుకునే ప్రమాదం ఉంది.

దశ 5: తొడుక్కుని, కాసేపు ఊరికే కూర్చోవాలి

చేతులు మామూలు నీళ్లతో కడిగి తుడుచుకోండి. అప్పుడే సబ్బుతో తోమితే చర్మం ఎండిపోయి అంకెలు పడిపోతాయి. తొడిగాక ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి, బటన్ కింద చర్మం కుదురుకోవాలి. ఈలోపు గీత మెల్లగా పైకి పాకుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. చెయ్యి తొడ మీద, అరచెయ్యి పైకి, కదలకుండా.

ఇప్పుడు ఒకసారి గట్టిగా ఊపిరి లోపలికి లాగండి. ఒకటి నుంచి మూడు సెకన్లు ఏమీ జరగదు. తరవాత గీత లేస్తుంది, ఇంకో ఒకటి రెండు సెకన్లలో కొస చేరుతుంది, లేచినంత తొందరగా దిగదు. ఈ ఆకారం బాగా గుర్తుపెట్టుకోండి: నిటారుగా ఎక్కి, ఏటవాలుగా దిగే గుట్ట. సూదిలా లేచి సూదిలా పడితే అది మనసు కాదు, వైరు కదిలింది.

ఊపిరికి గీత కదిలితే బ్యాండ్ పనిచేస్తున్నట్టే. కొందరిలో ఎంత చేసినా గుట్ట లేవదు. చర్మం తీరే అంత. ఇంట్లో ఇంకొకరికి తొడిగి చూస్తే పరికరం తప్పో, చేతి తీరో తేలిపోతుంది.

దశ 6: కొంచెం టెన్షన్ పెట్టి చూడటం

ల్యాబుల్లో మనుషులకు ఒత్తిడి కలిగించడానికి 1993లో జర్మనీలోని ట్రియర్‌లో తయారైన ఒక పద్ధతి ఇప్పటికీ వాడతారు. అందులో ఒక ముక్క: 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పాలి, తప్పితే మళ్లీ మొదటికి రావాలి. 1009, 996, 983... ముందు ఎవరో ఒకరు మొహంలో ఏ భావమూ లేకుండా కూర్చుని వినాలి.

మూడు నిమిషాలు విశ్రాంతి, మూడు నిమిషాలు ఈ లెక్క, మళ్లీ మూడు నిమిషాలు విశ్రాంతి. ప్రతి భాగంలో రెండు అంకెలు రాసుకోండి: సగటు మట్టం ఎంత, నిమిషానికి 0.05 కంటే ఎత్తైన గుట్టలు ఎన్ని. విశ్రాంతిలో నిమిషానికి ఒకటి నుంచి మూడు గుట్టలు మామూలు. బాగా ఉద్రేకంలో ఉంటే ఇరవై దాటొచ్చు. మనిషికీ మనిషికీ మట్టం చాలా తేడా, కాబట్టి మీ 9ని మీ అన్నయ్య 4తో పోల్చడం దండగ. మీ విశ్రాంతితోనే మీ లెక్కను పోల్చుకోవాలి.

దశ 7: డైరీ, అసలు పని ఇక్కడే

ఒక రాత్రి మా బావకు బ్యాండ్ తొడిగి టీవీ ముందు కూర్చోబెట్టాను. క్రికెట్, ఆఖరి ఓవర్. రెండో బంతికి సిక్స్, సోఫాలోంచి లేవబోయి 'వైరు, బావా, వైరు!' అని నేను అరిస్తే మళ్లీ కూర్చున్నాడు. నాలుగో బంతికి వికెట్, తల పట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యాక ఇద్దరం గీత చూశాం. రెండు గుట్టలు, పక్కపక్కనే, ఇంచుమించు ఒకే ఎత్తు. ఏది సిక్స్, ఏది వికెట్ అని అడిగాడు. సమయం చూడకుండా నేను చెప్పలేకపోయాను.

జేమ్స్ రసెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో భావోద్వేగాలను ఒక పటంలా గీశాడు. అడ్డంగా ఒక గీత: బాధ నుంచి సంతోషం వరకు. నిలువుగా ఇంకో గీత: మందకొడితనం నుంచి ఉద్రేకం వరకు. చెమట చెప్పేది నిలువు గీత మాత్రమే. ఎప్పుడు కదిలిందో, ఎంత కదిలిందో చెబుతుంది. సంతోషమో భయమో కోపమో మీరే చెప్పాలి.

అందుకని పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. సమయం, ఏం జరిగింది, ఎలా అనిపించింది. మూడో దానికి ఒక్క మాట చాలు, కానీ సరైన మాట ఉండాలి. 'స్ట్రెస్' అని అన్నిచోట్లా రాస్తే వారం తర్వాత ఏమీ తెలియదు. చిరాకు, బెంగ, బెదురు, ఉక్రోషం, ఉబలాటం, సిగ్గు, ఇవన్నీ వేరు వేరు. చేతనైతే గీత చూడక ముందే రాయండి. చూశాక రాస్తే మనసు గీతకు తగ్గట్టు కథ అల్లేస్తుంది.

వాచీ కంపెనీలకూ ఇదే తిప్పలు. పరిశోధకులు చాలామంది వాడే వెసాడ్ అనే డేటాసెట్ 2018లో వచ్చింది. అందులో ఉన్నది 15 మంది. మామూలు స్థితి, ఒత్తిడి, వినోదం కలిగినప్పుడు వాళ్ల సంకేతాలు రికార్డు చేశారు. అలా ల్యాబులో నేర్చుకున్న ప్రోగ్రామ్ ఉప్పల్ బస్సులో నిలబడ్డ మనిషి మీద అదే తెలివి చూపిస్తుందని నమ్మడం కష్టం.

గీతను మోసం చేసేవి

ఎండ మొదటిది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఫ్యాన్ కింద చేసిన కొలతకు అర్థం లేదు, ఒంటి చెమటే అంతా. ఏసీ మరీ చల్లగా పెట్టినా వేళ్లు బిగుసుకుని గీత చచ్చుబడుతుంది. 24 డిగ్రీల దగ్గర, రోజూ ఒకే గదిలో చేస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

రెండోది కారం. ఆవకాయ అన్నం తింటూ కుడిచేత్తో ముద్ద కలుపుతుంటే, ఎడమ చేతి బ్యాండ్ నా జీవితంలో అతి పెద్ద ఉద్వేగాన్ని నమోదు చేసింది. (అబద్ధమనీ అనలేను.) మెట్లెక్కడం, దగ్గు, తుమ్ము, నవ్వు, గట్టిగా మాట్లాడటం, కాఫీ, అన్నీ లెక్కలోకి వస్తాయి. కొన్ని పాత రకం అలర్జీ మాత్రలు చెమటను తగ్గిస్తాయి, ఆ రోజు గీత పడుకుంటుంది. వీటినీ డైరీలో రాయాలి.

దశ 8: వైరు వదిలించుకోవడం

హెచ్‌సీ-05 పెట్టి అవే విలువలు ఫోన్‌కు పంపొచ్చు. కరెంటుకు పవర్ బ్యాంక్ వాడదామనిపిస్తుంది. చాలా పవర్ బ్యాంకులు ఇంత తక్కువ వాడకాన్ని చూసి, ఏదీ తగిలించలేదనుకుని ఆగిపోతాయి. నాలుగు రీచార్జ్ సెల్లు కలిపితే 4.8 వోల్టులు, నేరుగా 5 వోల్టుల పిన్‌కు ఇవ్వండి. మామూలు సెల్లు నాలుగు పెడితే 6 దాటుతుంది, బోర్డు పోతుంది. సెల్లు తగిలించి ఉండగా యూఎస్‌బీ పెట్టొద్దు.

నాడి సెన్సర్ కూడా జోడించొచ్చు. వేలిలోకి కాంతి పంపి, రక్తం పొంగినప్పుడల్లా వెనక్కి వచ్చే వెలుగులో తేడాను బట్టి గుండె చప్పుడు లెక్కపెడుతుంది. కాస్త చెయ్యి కదిలినా పాడవుతుంది కాబట్టి కూర్చున్నప్పుడే పనికొస్తుంది. మొదటి నెల చెమటతోనే గడపమంటాను.

ఇదంతా ఎందుకు, వాచీ కొనుక్కుంటాను అంటే

కొనుక్కోండి, కానీ అది ఏది కొలుస్తుందో అడిగి కొనండి. ఫిట్‌బిట్ సెన్స్ 2020లో వచ్చింది. వాచీ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటే చర్మ వాహకత చూస్తుంది. 2022లో వచ్చిన సెన్స్ 2 ముంజేతి దగ్గర రోజంతా కొలుస్తుంది. గార్మిన్ వాచీల స్ట్రెస్ అంకె, 0 నుంచి 100, గుండె చప్పుళ్ల మధ్య వ్యవధి ఎలా మారుతోందన్నదాని మీద ఆధారపడింది, చెమటకు సంబంధం లేదు. యాపిల్ వాచ్ 2023 నుంచి మీ మూడ్ ఏమిటో మిమ్మల్నే అడిగి రాసుకుంటోంది. నన్నడిగితే అదే నిజాయతీ.

ఇంకొకరికి తొడిగే ముందు

సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు 2010లో తేల్చింది: ఒప్పుకోకుండా ఎవరికీ లై డిటెక్టర్ పరీక్ష చేయకూడదు. యూరోపియన్ యూనియన్ 2024 నాటి ఏఐ చట్టంలో, ఆఫీసుల్లోనూ చదువుల చోట్లా మనుషుల భావోద్వేగాలను ఏఐతో పసిగట్టడాన్ని నిషేధించింది. వైద్యం, భద్రత అవసరాలకు మినహాయింపు ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. ఇంట్లో కట్టుకున్న బ్యాండుకు చట్టాలెందుకు అనుకున్నాను నేనూ.

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. చదువుకునేటప్పుడు ఎలా ఉంటుందో చూస్తానని తనే అడిగి తొడుక్కుంది. గంటన్నర గీత, ప్రశాంతంగా ఉంది. ఏడు గంటల పది నిమిషాలకు ఒక్కసారిగా లేచి, ఇరవై నిమిషాల దాకా దిగలేదు. డైరీలో ఆ సమయానికి ఏమీ రాయలేదు. ఏమైందమ్మా అని అడిగితే, 'నాన్న ఫోన్ చేశాడు, టెస్టు మార్కులడగడానికి' అంది. కాసేపాగి, 'మామయ్యా, ఈ ఫైలు అమ్మకి చూపించకు' అంది.

తన ముందే డిలీట్ చేశాను. రీసైకిల్ బిన్‌లో కూడా లేదని చూపించమంది, చూపించాను.